21 గేర్ల సైకిల్ కొన్నాను, ఏ గేరు ఎప్పుడు వేయాలో తెలియట్లేదు, మోకాళ్ళు నొప్పి

రుషికొండ_రోజూ:

అందరికీ నమస్కారం. మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. ఆఫీసు రుషికొండ ఐటీ హిల్స్ మీద. రెండు నెలల క్రితం 21 గేర్ల హైబ్రిడ్ సైకిల్ కొని, వారానికి మూడు నాలుగు రోజులు దాని మీదే ఆఫీసుకి వెళ్తున్నాను. అప్పూఘర్ దగ్గర బీచ్ రోడ్డెక్కి తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్ మీదుగా పోతాను. చిన్నప్పుడు ఊళ్ళో తొక్కింది గేర్లు లేని సైకిలే, ఆ తర్వాత మళ్ళీ ఇన్నేళ్ళకి ఇదే తొక్కడం.

సమస్య ఏంటంటే ఈ గేర్లు నాకు అసలు అర్థం కాలేదు. కొన్నప్పుడు షాపులో అడిగితే "ఎడమ చేతిది ముందుది, కుడి చేతిది వెనకది, తొక్కుతూ ఉంటే మీకే తెలిసిపోతుంది సార్" అన్నారు. రెండు నెలలైంది, తెలియలేదు. బైకు లెక్కలో పెద్ద నంబరు అంటే స్పీడు అనుకుని ఎప్పుడూ ఎడమ 3, కుడి 7 లోనే పెట్టి తొక్కుతున్నాను. చదునుగా ఉన్న చోట బాగానే పోతుంది. ఎత్తు వచ్చిందంటే మాత్రం ఒక్కో తొక్కుకీ గోనెబస్తా లేపినంత పని అవుతోంది. ఇక ఐటీ హిల్ రోడ్డు మొదలయ్యాక సీటు మీంచి లేచి ఒంటి బరువంతా వేసి తొక్కాల్సిందే. ఆఫీసు చేరేసరికి చొక్కా పిండుకోవచ్చు. మూడు వారాల నుంచి రెండు మోకాళ్ళకీ ముందు వైపు, చిప్ప దగ్గర నొప్పి మొదలైంది.

మొన్న కొండ మధ్యలో ఇంక వల్ల కాక రెండు చేతులతో గేర్లన్నీ ఒకేసారి తగ్గించేశాను. కరకరమని పెద్ద చప్పుడు, చైన్ లోపలి వైపు ఊడిపోయింది, పెడల్ ఒక్కసారి ఖాళీగా తిరిగేసరికి పడబోయాను. వెనకాలే బస్సు వస్తోంది. ఆ రోజు నుంచి గేరు ముట్టుకోవాలంటే టెన్షన్.

నేను అడిగేది ఇది. ఎత్తుకి ఏ గేరు, చదునుకి ఏ గేరు, ఎప్పుడు మార్చాలి, ముందుదా వెనకదా? అన్ని గేర్లూ వాడాలా, కొన్ని చాలా? మోకాళ్ళ నొప్పికీ దీనికీ సంబంధం ఉందా? ఇంగ్లిష్ వీడియోలు చాలా చూశాను, వాళ్ళు రేసుల గురించే చెప్తున్నారు. నాకు ఆఫీసుకి వెళ్ళిరావడం చాలు.


బీచ్‌రోడ్_పాతకాపు:

ముందు ఆ 3-7 లోంచి బయటికి రండి బ్రదర్. మోకాళ్ళ నొప్పికి ముఖ్య కారణం అదే అయ్యుండాలి.

మీరు బైకు లెక్క అన్నారు కాబట్టి బైకుతోనే చెప్తాను. టాప్ గేరులో పెట్టి ఘాట్ రోడ్డు ఎక్కితే ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది కదా, అప్పుడు మీరు గేరు తగ్గిస్తారు. సైకిల్‌కి ఇంజన్ మీ కాళ్ళు. కాళ్ళకి కూడా హాయిగా తిరిగే ఊపు ఒకటి ఉంటుంది, మామూలుగా తొక్కేవాళ్ళకి నిమిషానికి 70 నుంచి 90 చుట్లు. రోడ్డు ఎత్తయినా, పల్లమైనా, ఎదురుగాలి కొట్టినా ఆ ఊపు ఇంచుమించు అలాగే ఉండాలి, కాలి మీద పడే బరువు ఇంచుమించు అంతే ఉండాలి. రోడ్డు మారినప్పుడు మార్చాల్సింది గేరు, మీ కాళ్ళ కష్టం కాదు. ఇది బుర్రకెక్కితే నంబర్లు గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు. "ఎత్తుకి ఏ గేరు" అని అడిగారు చూశారా, దానికి ఒక నంబరు జవాబు ఉండదు, కాళ్ళు 70 కంటే నెమ్మదిస్తున్నాయి అనిపించినప్పుడు తేలిక గేరు, కాళ్ళు గింగిరాలు తిరుగుతూ పట్టు దొరకనప్పుడు బరువు గేరు, అంతే.

లెక్కపెట్టడం తేలిక. కుడి మోకాలు పైకి వచ్చిన ప్రతిసారీ ఒకటి, రెండు అనుకుంటూ 15 సెకన్లు లెక్కపెట్టండి. 18 నుంచి 20 వస్తే మీరు బాగా తొక్కుతున్నట్టు. రేపు 3-7 లో లెక్కపెట్టి చూడండి, పది కూడా వస్తాయో రావో.

ఇప్పుడు చేతుల సంగతి. కొత్తవాళ్ళు తికమకపడేది ఇక్కడే, ఎందుకంటే రెండు చేతులూ ఒకదానికొకటి వ్యతిరేకంగా పని చేస్తాయి. మీ సైకిల్‌కి బొటనవేలితో నొక్కే పెద్ద మీట, చూపుడువేలితో లాగే చిన్న మీట ఉండి ఉంటాయి. బొటనవేలు నొక్కితే ఏ చేతిదైనా సరే చైన్ పెద్ద పళ్ళ చక్రం మీదికి ఎక్కుతుంది. వెనక పెద్ద చక్రం అంటే తేలిక, ముందు పెద్ద చక్రం అంటే బరువు. అందుకని కుడి బొటనవేలు తేలిక చేస్తుంది, ఎడమ బొటనవేలు బరువు చేస్తుంది. ఈ ఒక్క మాట నాలుగు రోజులు నోట్లో తిప్పుకోండి. మెలితిప్పే రకం అయితే నంబర్లు చూసుకోండి, చిన్న నంబరు ఎప్పుడూ తేలికే.

మొదటి రెండు వారాలు ఎడమ చెయ్యి ముట్టుకోకండి. ముందు 2 లో, అంటే మధ్య చక్రం మీద వదిలేసి, కుడి చేత్తో మాత్రమే ఆడండి. మధ్య చక్రం నుంచి వెనకున్న ఏడింటికీ చైన్ పెద్దగా వంకర లేకుండా వెళ్తుంది, ఊడిపోతుందన్న భయం ఉండదు. బీచ్ రోడ్డు మొత్తానికి అది సరిపోతుంది. చదునులో 2-4, 2-5, గాలి వెనక నుంచి ఉంటే 2-6, ఎత్తులకి 2-2 దాకా. ఇవి నేను తొక్కేవి, మీ కాళ్ళు వేరే చెప్పొచ్చు.

ఎప్పుడు మార్చాలి అన్నది అన్నిటికంటే ముఖ్యం, మీ చైన్ ఊడింది దానివల్లే. ఎత్తు కంటికి కనిపించగానే, ఇంకా కాళ్ళు తేలిగ్గా తిరుగుతుండగానే, ఒక్కొక్క గేరే తగ్గించుకుంటూ రండి. ఎక్కడం మొదలయ్యాక బరువు పడ్డ చైన్‌ని పక్క చక్రం మీదికి లాగడం అంటే, కారు కట్టి లాగుతున్న తాడుని పక్క కొక్కేనికి మార్చబోవడం లాంటిది. ఒకవేళ మధ్యలో మార్చక తప్పకపోతే రెండు తొక్కులు కాస్త గట్టిగా వేసి ఊపు తెచ్చుకుని, ఆ వెంటనే ఒక తొక్కు వదులుగా వేస్తూ మీట నొక్కండి. కాళ్ళు తిరుగుతూనే ఉండాలి, బలం మాత్రం ఉండకూడదు. ఆగి ఉన్నప్పుడు నొక్కకండి, వెనక్కి తొక్కుతూ అసలే నొక్కకండి.

ఆగేటప్పుడు కూడా ఇదే. సిగ్నల్ ఎర్రగా కనిపించగానే తొక్కుతూనే రెండు మూడు తగ్గించి ఆగండి. లేకపోతే పచ్చ పడ్డాక 3-7 లో బయల్దేరడానికి మోకాలితో సైకిల్‌ని లేపినంత పని. హనుమంతవాక జంక్షన్‌లో వెనక లారీ హారన్ కొడుతుంటే ఆ తేడా తెలుస్తుంది.

సీటు ఎత్తు కూడా చూసుకోండి. సీటు మీద కూర్చుని పెడల్ బాగా కిందికి దించి దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మన దగ్గర చాలామంది రెండు పాదాలూ నేలకి ఆనాలని సీటు కిందికి దించేస్తారు, బరువు గేరుకి అది తోడైతే మోకాలి చిప్ప మీద పడే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఇవన్నీ మార్చి రెండు మూడు వారాలైనా నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టరుకి చూపించండి, నొప్పితో మాత్రం కొండ ఎక్కకండి.


నల్ల_సైకిల్:

నాకు 61 ఏళ్ళు. మా కాలంలో గేర్లు లేవు. మా నాన్నగారు నల్ల సైకిల్ మీద వెనక రెండు ధాన్యం బస్తాలు కట్టుకుని మిల్లుకి వెళ్ళేవారు, నేను అదే సైకిల్ మీద కడ్డీ కింద నుంచి కాలు పెట్టి తొక్కడం నేర్చుకున్నాను, కాలేజీకి రోజూ ఎనిమిది కిలోమీటర్లు దాని మీదే. ఎవరికీ మోకాళ్ళు నొప్పి పెట్టలేదు. గేర్లు ఎక్కువైతే చెడిపోయేవి కూడా ఎక్కువే. ఈ బాబుకి నేను చెప్పేది, గేర్లు లేని మంచి సైకిల్ ఒకటి కొనుక్కుని కొండ దగ్గర దిగి నడిపించుకుని వెళ్ళమని. సైకిల్ దిగి నడవడం తప్పేం కాదు.


లెక్కల_మాస్టారు:

నల్ల సైకిల్ గారూ, మీ మాట మీద నాకు గౌరవం ఉంది, మాదీ అలాంటి ఇల్లే. చదును నేల ఉన్న ఊళ్ళో ఒక్క గేరు సైకిల్ చాలా మంచి వాహనం. కానీ అది కూడా ఒక గేరే కదండీ. మా ఇంట్లో పాతది ఇంకా ఉంది, ముందు 44 పళ్ళు, వెనక 18. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం రెండున్నర చుట్లకి కొంచెం తక్కువ తిరుగుతుంది. చదునుకి సరిగ్గా కుదిరే లెక్క అది, ఎవరో ఆలోచించి పెట్టిందే. కొండ వచ్చినప్పుడు ఆ లెక్క కుదరదు కాబట్టే మీ నాన్నగారూ మీరూ దిగి నడిపించేవారు. ఈ అబ్బాయి కొండ మీదే ఆఫీసు పెట్టుకున్నాడు, రోజూ దిగి నడవమంటే సైకిల్ మానేస్తాడు.

మీరన్న వాదన ఫ్రాన్స్‌లో కూడా చాలా ఏళ్ళు నడిచింది. టూర్ ద ఫ్రాన్స్ 1903లో మొదలైతే, చైన్‌ని ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి మార్చే ఇప్పటి మాదిరి గేర్లని ఆ పందెంలో అందరికీ అనుమతించింది 1937లో. అప్పటిదాకా ఆల్ప్స్ కొండల కింద రైడర్లు ఆగి, వెనక చక్రం విప్పి, తిప్పి బిగించుకునేవారు, దానికి రెండో వైపు వేరే పళ్ళ చక్రం ఉండేది. అంత బలవంతులకే కొండకి వేరే గేరు కావాల్సొచ్చింది.

ఇప్పుడు అడిగిన బాబుకి లెక్క చెప్తాను, పిల్లలకి నిష్పత్తులు ఇలాగే చెప్తుంటాను నేను. నీ సైకిల్ పళ్ళు లెక్కపెట్టి చూడు. ఈ రకం సైకిళ్ళకి ఎక్కువగా ముందు 24, 34, 42, వెనక 28, 24, 22, 20, 18, 16, 14 ఉంటాయి. ముందు పళ్ళని వెనక పళ్ళతో భాగిస్తే, పెడల్ ఒక చుట్టుకి వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. 3-7 అంటే 42ని 14తో భాగించాలి, సరిగ్గా 3. 1-2 అంటే 24ని 24తో, సరిగ్గా 1. హైబ్రిడ్ చక్రం ఒక చుట్టుకి సుమారు 2.17 మీటర్లు పోతుంది. అంటే 3-7 లో ఒక తొక్కుడు చుట్టుకి ఆరున్నర మీటర్లు, 1-2 లో 2.17 మీటర్లు.

కొండ మీద నువ్వు గంటకి 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నావనుకో. నిమిషానికి 167 మీటర్లు. 3-7 లో నీ కాళ్ళు నిమిషానికి 26 చుట్లు తిరుగుతాయి, 1-2 లో 77 చుట్లు. వేగం అదే, కొండ అదే, నిమిషానికి నువ్వు చేసే పని కూడా అదే. కానీ 3-7 లో ఒక్కో తొక్కుకి వేయాల్సిన బలం 1-2 లో కంటే మూడు రెట్లు. బస్తా బియ్యం ఒక్కసారి ఎత్తుకుని మెట్లెక్కడమా, మూడు దఫాలుగా మోయడమా అన్నదే తేడా. ఆ బస్తా నీ మోకాలి మీద ఉంది బాబూ.

ఇంకో సంగతి కూడా పళ్ళు చెప్తాయి. 24ని 14తో భాగించు, 1.71. 34ని 20తో, 1.70. 42ని 24తో, 1.75. అంటే 1-7, 2-4, 3-2 మూడూ దాదాపు ఒకటే గేరు! 21 గేర్లు అని పెట్టె మీద రాస్తారు గానీ ఒకదాని మీద ఒకటి పడేవి తీసేస్తే నిజంగా వేరువేరుగా ఉండేవి డజను పైచిలుకే. అందుకని అన్నీ వాడాలా అన్న నీ ప్రశ్నకి జవాబు, అక్కర్లేదు. ఒకటే ఫలితం ఇచ్చే మూడింటిలో చైన్ తిన్నగా ఉండేది వాడు, అది 2-4.


గండిపేట_పొద్దున్న:

నేను హైదరాబాద్ నుంచి. 46 ఏళ్ళకి సైకిల్ మళ్ళీ మొదలుపెట్టాను, ఇప్పుడు మూడో ఏడు. లెక్కలు చదివితే నాకు బాగా అర్థమవుతాయి గానీ రోడ్డు మీద గుర్తు రావు, అందుకని నేను నేర్చుకున్న తీరు చెప్తాను.

ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ ప్యానెళ్ళ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు నాకు దొరకలేదు, వెనక నుంచి బండి వస్తుందన్న భయం లేదు. మీకు విశాఖలో ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉండే చదును రోడ్డు ఏదైనా వెతుక్కోండి. అక్కడ ఒకే వేగంతో తొక్కుతూ కుడి చేత్తో ఒక్కో గేరు మార్చి, మార్చిన ప్రతిసారీ ఇరవై తొక్కులు తొక్కి కాలికి ఎలా ఉందో చూసుకున్నాను. 1 నుంచి 7, మళ్ళీ 7 నుంచి 1. హ్యాండిల్ మీద నంబరు చూడకుండా, శబ్దం కూడా వింటూ. ఒక గంట ఇలా చేశాక వేలు తనంతట తానే కదలడం మొదలైంది. మా పాప వీణ నేర్చుకునేటప్పుడు టీచర్ వేళ్ళు చూడొద్దు, విను అనేవారు, అదే గుర్తొచ్చింది.

గండిపేట వైపు రోడ్డు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అక్కడ నేను ఊపిరిని బట్టి మారుస్తాను. తొడలు మండుతున్నాయి, ఊపిరి మాత్రం మామూలుగా ఉంది అంటే గేరు బరువుగా ఉన్నట్టు, తగ్గిస్తాను. ఆయాసం వస్తోంది, కాళ్ళకి మాత్రం ఏం బరువు తెలియట్లేదు అంటే గేరు మరీ తేలికైంది, ఒకటి పెంచుతాను. రెండూ కలిసి వస్తే గేరు తప్పు కాదు, నేను నెమ్మదించాలి.

పాతకాపు గారు ఎడమ చెయ్యి ముట్టుకోవద్దన్నారు, రెండు వారాలకి సరే. కానీ నేను ఆ మాట విని ఏడాది పాటు ముందు గేరు ముట్టుకోలేదు, 2-1 లోనే అనంతగిరి ఘాట్ ఎక్కి, పైకి చేరాక కాళ్ళు వణికి అరగంట కూర్చుండిపోయాను. చిన్న చక్రం ఉన్నదే అలాంటి చోటు కోసమని ఆ రోజు తోటి రైడర్ ఒకాయన చెప్పారు. రుషికొండ కొండకి మీకు అది కావాల్సి వస్తుంది. ముందు చక్రం 2 నుంచి 1 కి దించితే ఒక్కసారిగా మరీ తేలికైపోయి కాళ్ళు గాల్లో తిరిగినట్టు ఉంటుంది, కాబట్టి దించిన వెంటనే వెనక రెండు గేర్లు పెంచండి. 2-1 నుంచి 1-3 కి వెళ్ళినట్టు. మాస్టారు గారి లెక్కలో 1.21 నుంచి 1.09, మెట్టు దిగినంత మెత్తగా ఉంటుంది. అక్కడి నుంచి ఇంకా కావాలంటే 1-2, 1-1. ఇదంతా కొండ మొదట్లోనే, చదునులో ఉండగానే చేసేయండి.


స్పానర్_పెట్టె:

కాకినాడలో సైకిల్ రిపేరు చేస్తాను, 14 ఏళ్ళుగా. పైన అందరూ తొక్కడం గురించి చెప్పారు, నేను బండి గురించి చెప్తాను, ఎందుకంటే మీ చైన్ ఊడడంలో తప్పంతా మీది కాదు.

కొత్త సైకిల్‌కి మొదటి నెల రెండు నెలల్లో గేరు కేబుళ్ళు సర్దుకుని వదులవుతాయి. అప్పుడు మీట నొక్కితే గేరు పడదు, లేకపోతే పడినట్టే పడి టిక్ టిక్ అంటూ ఉంటుంది, తొక్కు గట్టిగా వేయగానే జారుతుంది. అందుకే మొదటి సర్వీసు మానకూడదు. మీరే చేసుకోవచ్చు కూడా. వెనక గేరు మార్చే పరికరంలోకి కేబుల్ దూరే చోట చేత్తో తిరిగే చిన్న మర ఉంటుంది. వెనక చక్రం గాల్లోకి లేపి ఒక చేత్తో పెడల్ తిప్పుతూ, పెద్ద పళ్ళ చక్రం మీదికి ఎక్కడానికి చైన్ తటపటాయిస్తుంటే ఆ మరని అపసవ్యంగా పావు చుట్టు తిప్పండి, మళ్ళీ చూడండి. చిన్న చక్రం మీదికి దిగడానికి తటపటాయిస్తే సవ్యంగా పావు చుట్టు. పావు చుట్టు అంటే పావు చుట్టే, ఒకేసారి రెండు మూడు చుట్లు తిప్పేస్తే మళ్ళీ నా దగ్గరికే రావాలి.

అదే పరికరం మీద హెచ్, ఎల్ అని రెండు చిన్న స్క్రూలు ఉంటాయి. చైన్ ఆ చివర ఈ చివర దాటి పోకుండా హద్దు గీసేవి అవి. ముందు దానికీ ఉంటాయి. మీ చైన్ ముందు వైపు లోపలికి పడింది కాబట్టి ముందు దాని ఎల్ స్క్రూ వదులుగా ఉందేమో చూపించండి. తెలియకుండా వాటిని తిప్పకండి, వెనక ఎల్ తప్పు పెడితే చైన్ వెళ్ళి చక్రం పుల్లల్లో ఇరుక్కుంటుంది, నడుస్తుండగా అలా అయితే ప్రమాదం.

సైకిల్ కుడి వైపుకి ఎప్పుడైనా పడిందా? పార్కింగ్‌లో ఎవరి బైకైనా తగిలి పడినా సరే. వెనక గేరు పరికరాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న బద్ద ఒకటి ఉంటుంది, హ్యాంగర్ అంటాం. దెబ్బ తగిలితే ఫ్రేము పాడవకుండా అది వంగేలా మెత్తటి లోహంతో చేస్తారు. వెనక నుంచి చూస్తే గేరు పరికరం చక్రం వైపు వంకరగా కనిపిస్తుంది. అది వంగాక ఎన్ని మరలు తిప్పినా గేర్లు సరిగ్గా పడవు. చాలామంది కేబుళ్ళు మార్పించి డబ్బు వృథా చేసుకుని ఆఖర్న వస్తారు.

మళ్ళీ ముందు చైన్ లోపలికి పడితే చెయ్యి మసి చేసుకోనక్కర్లేదు. పక్కకి ఆపి, ఎడమ మీట పెద్ద చక్రానికి పెట్టి, వెనక చక్రం కొద్దిగా లేపి పెడల్‌ని మెల్లగా ముందుకి తిప్పితే చాలాసార్లు దానంతట అదే పైకి ఎక్కుతుంది. బలం వేయకండి.

3-1, 1-7 మాత్రం వాడకండి. ముందు బయటి చక్రం నుంచి వెనక లోపలి చక్రానికి చైన్ అడ్డంగా వంగి నడుస్తుంది, చైనూ పళ్ళూ రెండూ త్వరగా అరుగుతాయి. 3-1 లో చైన్ పొడవు చాలకపోతే గేరు పరికరం మీద లాగుడు పడి విరిగిన కేసులు కూడా చూశాను.

మీది సముద్రం పక్క రోడ్డు, మాదీ సముద్రం ఊరే. ఉప్పుగాలికి చైన్ మూడు రోజుల్లో ఎర్రబడుతుంది. వారానికోసారి పాత గుడ్డతో చైన్ తుడిచి, ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క చైన్ ఆయిల్ వేసి, పది నిమిషాలాగి పైన ఉన్నదంతా మళ్ళీ తుడిచేయండి. నూనె ఉండాల్సింది లోపల, పైన ఉంటే ఇసుక పట్టి ఆకురాయిలా అరగదీస్తుంది. కొబ్బరినూనె, బండి నుంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ వద్దు. స్ప్రే డబ్బాతో తుప్పు వదిలించుకోవచ్చు గానీ అది నూనె కాదు, ఆరాక నూనె వేయాల్సిందే. చైన్ అరిగిందో లేదో స్కేలుతో చూడొచ్చు, లింకుల్ని కలిపే ఒక మేకు మధ్యలో స్కేలు సున్నా పెడితే, అక్కడి నుంచి 24వ మేకు సరిగ్గా 12 అంగుళాల గీత మీదికి రావాలి. అది ఆ గీతని అంగుళంలో పదహారో వంతు దాటితే చైన్ మార్చేయండి. ఎనిమిదో వంతు దాకా వదిలేశారంటే వెనక పళ్ళ చక్రాలు కూడా మార్చాల్సి వస్తుంది, ఖర్చు పెరుగుతుంది.


ఎదురుగాలి:

నెదర్లాండ్స్‌లో ఉంటున్నాను, మాది అనకాపల్లి. ఇక్కడ కొండలు లేవు, గాలి ఉంది. ఆ గాలిని వీళ్ళు ఎంత సీరియస్‌గా తీసుకుంటారంటే, తుఫాను గాలి ఉన్న రోజు చూసి సముద్రం మీద కట్టిన అడ్డుకట్ట పొడవునా గేర్లు లేని సైకిళ్ళ మీద ఎదురుగాలి పోటీ పెడతారు, ఎనిమిదిన్నర కిలోమీటర్లు. చూస్తుంటేనే కాళ్ళు నొప్పి పుడతాయి.

మీ రూటు నాకు తెలుసు. ఎండాకాలంలో నైరుతి గాలి, పొద్దున్న వెళ్ళేటప్పుడు వీపు మీద తోస్తుంది, సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు మొహం మీద కొడుతుంది. చదును రోడ్డే కదా పొద్దున్న 2-6 లో వచ్చాను కదా అని సాయంత్రం కూడా అదే గేరులో వేగం నిలబెట్టాలని చూడకండి. గాలిని కొండ అనుకోండి. రెండు గేర్లు తగ్గించి కాళ్ళ ఊపు అలాగే ఉంచండి, వేగం ఎంత వస్తే అంత. నేను ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం ఇది తెలియక మోకాలు పాడుచేసుకున్నాను.

నా సైకిల్‌కి గేర్లు వెనక చక్రం మధ్యలో, హబ్బు లోపల ఉంటాయి, ఏడు. చైన్ పక్కకి జరగదు, ఆగి ఉన్నప్పుడు కూడా మార్చుకోవచ్చు, వర్షానికి తుప్పు భయం తక్కువ. మీది ఆ రకం కాదు కాబట్టి ఎవరైనా "ఆగి మార్చు ఏం కాదు" అని చెప్తే వినకండి, వాళ్ళు ఈ రకం గురించి చెప్తుండొచ్చు.


రుషికొండ_రోజూ:

పదిహేడు రోజుల తర్వాత వచ్చి రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. అందరికీ చాలా థాంక్స్, ప్రింటు తీసి గోడకి అంటించుకున్నాను ఇదంతా.

మొదటి రోజు 3-7 లో లెక్కపెట్టాను, 15 సెకన్లకి చదునులో 11, ఎత్తులో 7. పళ్ళు కూడా లెక్కపెట్టాను, మాస్టారు గారు చెప్పినవే సరిగ్గా. సీటు రెండు వేళ్ళు పైకి లేపాను. సైకిల్ షాపుకి తీసుకెళ్తే ముందు ఎల్ స్క్రూ నిజంగానే వదులుగా ఉందట, కేబుల్ కూడా బిగించారు, ఇప్పుడు గేరు మారితే టక్కుమని ఒక్క శబ్దం, అంతే.

మొదటి వారం 2 లోనే ఉన్నాను. నాకు వింతగా అనిపించిందేంటంటే, గేరు తగ్గించి తొక్కితే నెమ్మదిగా వెళ్తానేమో అనుకున్నాను, ఆఫీసుకి మాత్రం నాలుగు నిమిషాలు ముందే చేరాను, ఎత్తుల్లో అలిసిపోవట్లేదు కాబట్టి కాబోలు. పోయిన సోమవారం మొదటిసారి కొండ మొదట్లో ముందు 1 కి దించి వెనక రెండు పెంచాను. సీటు మీద కూర్చునే పైదాకా ఎక్కాను. వేగం ఎనిమిది, బస్సు దాటి వెళ్ళిపోయింది, అయినా ఊపిరి తప్ప ఇంకేం కష్టం తెలియలేదు. పైన సైకిల్ ఆపి సముద్రం వైపు చూస్తూ ఐదు నిమిషాలు నిలబడ్డాను, రెండు నెలల్లో ఆ పని ఒక్కసారీ చేయలేదు. మోకాళ్ళు కుడిది పూర్తిగా తగ్గింది, ఎడమది మెట్లు దిగేటప్పుడు కొంచెం ఉంది.

ఒక్క సందేహం. కొండ దిగేటప్పుడు ఏ గేరు? నేను 1-2 లోనే తొక్కకుండా వదిలేసి బ్రేకు మీద దిగుతున్నాను, గతుకుల్లో చైన్ కొట్టుకుంటోంది.


బీచ్‌రోడ్_పాతకాపు:

చదవగానే చాలా సంతోషం వేసింది బ్రదర్. దిగేటప్పుడు చైన్ బిగువుగా ఉంటే కొట్టుకోదు, అందుకని పైన బయల్దేరగానే కాస్త తొక్కుతూ 3-5 లోకి మార్చుకోండి. అప్పుడు కింద చదును రాగానే తొక్కు వేస్తే పట్టు కూడా వెంటనే దొరుకుతుంది, 1-2 లో అయితే ఆ వేగానికి పెడల్ ఖాళీగా తిరిగి కాలు జారుతుంది. మలుపుల్లో లోపలి వైపు పెడల్ పైకి ఉంచండి, నేలకి తగలకుండా. బ్రేకు రెండూ కలిపి విడతలుగా పట్టండి, ఒకేదాన్ని పట్టుకుని ఉండకండి. ఎడమ మోకాలు పూర్తిగా తగ్గేదాకా కొండ రోజు మార్చి రోజు ఎక్కండి. వచ్చే ఆదివారం పొద్దున్న ఐదున్నరకి ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా వెళ్తున్నాం, నలుగురం. తెన్నేటి పార్కు దగ్గర ఆగుతాం, అక్కడ కలవండి.